గాడిదను కాకి అన్న కంప్యూటరు

మా పాపకు రెండున్నరేళ్లు దాటినా మాట రాలేదు. ఏడ్చేది, నవ్వేది, కావలసినదాన్ని వేలితో చూపించేది. ఆ చూపించడంలో ఎంత నేర్పు సంపాదించిందంటే, ఇంక మాటలతో ఆ పిల్లకు పనేముందని ఇంట్లో అందరికీ అనిపించేది. నాకు తప్ప. నాకు పొద్దున లేచిన దగ్గర నుంచీ అదొక్కటే పని.

కోవిల్‌పట్టిలో మా వీధిలో ఈ సంగతికి కారణం తెలియని మనిషి లేదు. పాలు పోసే ఆమె లెక్కలో నేను కడుపుతో ఉన్నప్పుడు కంప్యూటరు ముందు కూర్చోవడమే తప్పు. ఎదురింటావిడ లెక్క వేరు: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, టీవీలో ఇంగ్లీషు, ఏది పట్టుకోవాలో తెలియక బిడ్డ అన్నిటినీ వదిలేసింది. మా అమ్మ విరుదునగర్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, మీ అత్తగారు బిడ్డ నాలుకకు వస రాశారా అని అడిగేది. రాశారు. మా అత్త వసకొమ్మును దీపం మీద కాల్చి, రాతి మీద అరగదీసి, తేనెలో కలిపి రాసింది. పాప ముఖం చిట్లించి, వేలితో నీళ్ల చెంబును చూపించింది.

"నీ మొగుడు గూడా మూడేండ్లు నిండినాకనే నోరు తెరిచినాడు," అనేది అత్త. "అయినా ఇప్పుడు మాత్రం ఏం మాటాడతా ఉండాడు?"

అది నిజమే. మా ఆయన స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు. రోజంతా మోతలో పనిచేసేవాళ్లలో కొందరు ఇంటికొచ్చి కూడా అరిచి మాట్లాడతారు, కొందరు అసలు మాట్లాడరు. నాకు దొరికింది రెండో రకం. పాప ఆయన పోలికే అయితే భయం లేదని అత్త ధైర్యం చెప్పేది. ఆ పోలికే నా భయం.

మా పుట్టింటి దగ్గర ఒక పిల్లల డాక్టరు ఉన్నారని బస్సెక్కి విరుదునగర్ తీసుకెళ్లాను. ఆయన పాప వెనక నిలబడి స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టారు. పాప తిరిగి చూసింది. గిన్నె మీదికి వేలు చూపించింది. చెవి బాగానే ఉందన్నారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ ఒక్క భాషలోనే మాట్లాడండి, బొమ్మ చూపించండి, పేరు చెప్పండి, మళ్లీ చూపించండి, వేసవి అయ్యాక తీసుకురండి అన్నారు. "అప్పటికీ ఏమీ లేకపోతే మదురై పెద్దాసుపత్రికి పంపిద్దాం." తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప కిటికీ దగ్గర కూర్చుంది. నా ఒళ్లో మదురై కూర్చుంది.

బొమ్మల పుస్తకం కొన్నాను. పట్టుకుని ఎదురుగా కూర్చుంటే పాప బొమ్మను చూడకుండా నా ముఖం చూసేది. నా ముఖంలో ఏం కనబడేదో గాని, కాసేపటికి లేచి వెళ్లిపోయేది. కానీ కంప్యూటరు మీద గుడ్డ తీస్తే మాత్రం ఎక్కడున్నా వచ్చి ముందు కూర్చునేది. ఆ గుడ్డ మా అత్త తన పాత చీరతో కుట్టింది, దుమ్ము పడకుండా. పెళ్లికి ముందు నేను కంప్యూటర్ సెంటరులో మల్టీమీడియా పాఠం చెప్పేదాన్ని. ఆ రోజుల్లో కొన్న కంప్యూటరు అది, నాతోపాటే అత్తారింటికి వచ్చింది.

పిల్లలకు బొమ్మలతో మాటలు నేర్పే సీడీలు బజార్లో ఇంగ్లీషులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి. తెలుగుది తిరుపతికి పోయిన చుట్టాల చేత తెప్పించాను. అత్త పక్కన కూర్చుని శ్రద్ధగా విన్నది.

"ఎవురిది, రేడియోలో వార్తలు చదివేదా?"

"కాదు అత్తా, ఇది పిల్లలకోసం."

"మన బిడ్డను చూసి 'రండి, కూర్చోండి' అంటా ఉండాది. ఇంత మర్యాద చేస్తే బిడ్డ ఏం మాటాడతాది? బెదిరిపోతాది."

అప్పుడే మా ఇంటి మాటలో మేమే ఒకటి చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. నేను పాఠం చెప్పిన సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. అందులో తెర మీద బొమ్మలు పెట్టి, ఏ బొమ్మ ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో చిన్నచిన్న ఆజ్ఞలు రాయవచ్చు. వాటినే స్క్రిప్టు అంటాం. ఒక గొంతు నడుస్తుంటే, అది మొదలై ఎంతసేపయిందో సెకనులో వెయ్యో వంతుతో సహా ఆ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. దాని పేరు పొజిషన్. పొజిషన్ ఫలానా అంకె దాకా రాగానే కోడి పోయి మేక రావాలి అని రాస్తే, గొంతు మేక అనేసరికి తెర మీద మేక ఉంటుంది. చెప్పడానికి ఇంతే. పాఠం చెప్పినప్పుడు నేనూ ఇంతే చెప్పాను.

గొంతు మా అత్తది. కథ కూడా ఆమెదే. ఎట్టయాపురంలో ఒక కోడికి కూరలో ఉప్పు చాలలేదట. తూత్తుకుడిలో ఉప్పు కొండలుగా పడి ఉంటుందని విని బయలుదేరింది. దారిలో మేక కలిసి ఎక్కడికని అడిగింది, తర్వాత గాడిద, తర్వాత కాకి. ఒక్కొక్కరి దగ్గరా ఒక గొడవ. చివరకు ఉప్పుకొండ. పెళ్లికి ముందు, ఆ తర్వాత కూడా అత్త తీపెట్టి ఆఫీసులో పనిచేసింది. అగ్గిపెట్టెల కార్ఖానాను మా ఊళ్లో ఆఫీసనే అంటారు. పుల్లలను ఒక్కొక్కటిగా చట్రంలో గుచ్చే పని ఆమెది. కళ్లూ చేతులూ చట్రం మీదే ఉంటాయి, నోరూ చెవులూ ఖాళీ. అందుకని వరసకొకరు కథ చెప్పేవారు. చెప్పేవాళ్లు తలెత్తి చూడటానికి లేదు గనక, వింటున్నవాళ్లు ప్రతి మాట చివరా ఊఁ అనాలి. ఊఁ రాకపోతే ఎవరో కునుకు తీస్తున్నారని అర్థం, కథ అక్కడే ఆగిపోతుంది. కునుకు తీసినదాన్ని లేపిన తర్వాతే కోడి ముందుకు కదులుతుంది. కథ చెప్పడానికి తనను మించినది ఆ షెడ్డులో లేదని అత్త అంటుంది. ఆ షెడ్డులో పనిచేసినవాళ్లెవరూ మా వీధిలో లేరు గనక కాదనేవాళ్లూ లేరు.

మైకు పెట్టి మొదలుపెట్టమంటే అత్త మొదలుపెట్టలేదు.

"ఊఁ అనేదెవురు?"

"నేను ఎదురుగా ఉన్నాను కదా అత్తా."

"ఉంటే చాలదు."

సరేనని నేను ఊఁ అంటూ కూర్చున్నాను. అత్త కళ్లు మూసుకుని, లేని చట్రం మీద వేళ్లు ఆడిస్తూ, కథంతా చెప్పింది.

వింటే గొంతు బాగుంది కానీ వెనక ఫ్యాను మోత, పక్కింటి గ్రైండరు. (అదే ఫ్యాను. అందరూ పడుకున్నాక ఇది రాస్తుంటే ఇప్పుడూ అదే మోత.) బస్టాండు దగ్గర పెళ్లి వీడియోలు తీసే స్టూడియో ఒకటి ఉంది, దాని యజమాని మా ఆయనకు స్నేహితుడు. ఫైలును సీడీలో వేసి ఇస్తే, "పెట్టి పోమ్మా, సుద్దం చేసి పెడతా," అన్నాడు. ఆయన శుభ్రం చేసేలోపు సమయం ఎందుకు వృథా చేయాలని నేను ఇంట్లో ఉన్న కాపీనే వింటూ, మేక ఎక్కడ వస్తుంది, గాడిద ఎక్కడ వస్తుంది, ఏ మాటకు ఏది నోరు కదపాలి అని పొజిషన్లన్నీ స్క్రిప్టులో రాసేశాను. శుభ్రమైన ఫైలు వచ్చాక పాతదాని మీద అదే పేరుతో పెట్టాను. మోత పోయింది, గ్రైండరు పోయింది. అత్త గొంతు గిన్నె తోమినట్టు తళతళలాడింది.

మొదటిసారి నడిపితే కోడి వచ్చింది, ఇక పోలేదు. కథంతా కోడే. మేక మాట్లాడినా కోడే, గాడిద ఓండ్ర పెట్టినా కోడే. కారణం తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. పొజిషన్ సరిగ్గా ఆ అంకె దగ్గర ఉన్నప్పుడు మార్చమని రాశాను. కానీ స్క్రిప్టు పొజిషన్‌ను కన్నార్పకుండా చూస్తూ కూర్చోదు, మధ్యమధ్య తొంగి చూస్తుంది. ఒకసారి చూస్తే ఆ అంకెకు కొంచెం ఇవతల, మళ్లీ చూస్తే అవతల. సరిగ్గా ఆ అంకె మీద దాన్ని ఎప్పటికీ చూడదు. పాలామె కోసం గుమ్మంలోకి ఒక్క క్షణం వెళ్లి, లేదని లోపలికి రావడం లాంటిది. ఆ అంకెకు చేరినా, దాటినా మార్చమని రాశాక మేక వచ్చింది.

మేక కొద్దిగా తొందరపడి వచ్చింది. మాట వినబడక ముందే బొమ్మ. అది కూడా తెలిసింది. కంప్యూటరు గొంతును కొంచెం కొంచెంగా ముందుగా తెచ్చి పెట్టుకుంటుంది, పెట్టుకున్నదాన్ని కూడా వినిపించినట్టే లెక్క చెబుతుంది. అన్నం విస్తట్లో వడ్డించగానే తిన్నట్టు రాసుకోవడం. ఆ తేడా ఎప్పుడూ ఒకటే గనక, అది చెప్పే పొజిషన్‌లోంచి ప్రతిసారీ అంత తీసేసి చూడమని రాశాను. కోడి సరిగ్గా వచ్చింది. మేక సరిగ్గా వచ్చిందనే అనిపించింది. మా ఆయన చూసి "బాగుండాది" అన్నారు. ఆయన నోట అది పెద్ద ప్రసంగం.

మరునాటి నుంచి భోజనాలయ్యాక పాపను కంప్యూటరు ముందు కూర్చోబెట్టేదాన్ని. నా ముఖం కనబడితే లేచిపోతుందన్న భయంతో వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అత్త పక్కన చాప మీద పడుకుని తన కథకు తనే నిద్రపోయేది. పాప కదలకుండా చూసేది. అయిపోగానే వచ్చి నా కొంగు లాగి, కంప్యూటరు వైపు వేలు చూపించేది. మళ్లీ. నేను గిన్నెలు కడుగుతూ మదురైని కొంచెం కొంచెం మరిచిపోసాగాను.

ఒక సాయంత్రం పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. చాకలి గాడిద గోడ పక్కన నిలబడి ఉంది. గోడ మీద ఒక కాకి. అలవాటుగా అడిగాను:

"కాకి ఏది పాపా?"

పాప గాడిదను చూపించింది. తడబాటు లేదు, వెతుక్కోవడం లేదు. వేలు తిన్నగా గాడిద మీదికి వెళ్లి ఆగింది.

"కాకి, పాపా. కా కా."

గాడిద.

"గాడిద ఏది మరి?"

పాప మెడ తిప్పి వీధంతా చూసి, ఎదురింటి అరుగు కింద కట్టేసిన మేకను చూపించింది. అరుగు మీద కూర్చున్న ఎదురింటావిడ ఇదంతా చూసింది. "పావం," అన్నది. మేకనో, పాపనో, నన్నో తెలియదు.

ఇంట్లోకి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, ఆ మరమ్మతుల తర్వాత మొట్టమొదటిసారి కథ చివరి దాకా చూశాను. కోడి బాగుంది. మేక ఒక మాట ఆలస్యంగా వచ్చింది. ఆ పైన ఆలస్యం పెరుగుతూ పోయింది. అత్త గొంతు గాడిద గురించి చెబుతున్నంతసేపూ తెర మీద మేక ఉంది. కాకి గురించి చెబుతుంటే గాడిద తాపీగా నిలబడి ఉంది. కథ అయిపోతుండగా, చివరి మాట మీద, బంతి లేచిపోయిన తర్వాత వచ్చిన చుట్టంలాగా ఉప్పుకొండ ఒంటరిగా వచ్చి నిలబడింది.

రోజూ నేను వంటింట్లో ఉండి నా బిడ్డకు నేర్పించింది ఇదన్నమాట.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాను. కంప్యూటరు గాడిదను చూపించి కాకి అంటోందని, పాప అదే నమ్మిందని, ఇప్పుడు మాట వచ్చినా తప్పు మాట వస్తుందని, రాకపోతే మదురై అని. ఆయన చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తుడుచుకుని వచ్చారు.

"నేర్చుకునింది కదా," అన్నారు.

"తప్పు నేర్చుకుంది."

"తప్పో ఒప్పో. చూపించింది పట్టుకునింది. బిడ్డకు బాగానే ఉండాది. పెట్టెకే ఏదో అయింది."

ఆ మాటలో ఉన్న ధైర్యం నాకు ఆ రోజు అందలేదు. తప్పు దొరికేదాకా కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాను. పాప గుడ్డ ముందు నిలబడి వేలు చూపించి ఏడ్చేది. ఆమె పడుకున్న మధ్యాహ్నాలు నేను గుడ్డ తీసి కారణం వెతికేదాన్ని.

మొదట కంప్యూటరు ముసలిదైపోయిందని అనుకున్నాను. అదే అయితే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఆలస్యం కావాలి. ఇది ప్రతిసారీ ఒకే విధంగా, నియమంగా ఆలస్యమయ్యేది. ఫైలును కుదించి పెట్టడం వల్ల పొజిషన్ తప్పు చెబుతోందేమోనని, కుదించకుండా మార్చి చూశాను. ఫైలు లావెక్కింది, తప్పు తగ్గలేదు. రికార్డు చేసిన వేగం ఒకటి, వినిపించే వేగం ఇంకొకటి అయ్యాయేమోనని చూశాను. ఆ తప్పయితే గొంతు కూడా మారాలి, అత్త గొంతు అత్తదిగానే ఉంది. బ్రౌజింగ్ సెంటరుకు పోయి, ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ప్రశ్నలు అడుక్కునే చోట రాసి పెట్టాను. ఏ దేశం మనిషో ఒక్క వాక్యం జవాబు రాశాడు: పొజిషన్లు తీసుకున్న ఫైలూ, ఇప్పుడు నడుస్తున్న ఫైలూ ఒకటేనా? ఒకటే, పేరు కూడా అదే, అని కొంచెం కోపంగానే రాశాను.

సెలవు రోజున మా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథ నడిపించాను. గొంతుకూ బొమ్మకూ తేడా పెరిగినప్పుడల్లా వేలు ఎత్తమన్నాను. ఆ ఇంట్లో వేలితో మాట్లాడటం ఎవరి దగ్గర మొదలైందో అప్పుడు అర్థమైంది. ఆయన ఎత్తిన వేలు దించకుండా అన్నారు:

"మిల్లులో నూలు తెగితే ముడేసి పోతా ఉంటాం. ఎందుకు తెగినావని అడగం. అదే చోట మళ్లీ మళ్లీ తెగితేనే నిలబడి చూస్తాం."

"ఇది ఎక్కడ తెగుతోంది?"

"అమ్మ మాట ముగించే చోట. మాట మధ్యలో ఎప్పుడూ తెగలే."

ఆలస్యం నున్నగా పెరగడం లేదు, మెట్లు మెట్లుగా పెరుగుతోంది. ప్రతి మాట చివరా ఒక మెట్టు. ఫైలును, గొంతును గీతగా చూపించే ప్రోగ్రాంలో తెరిచాను. అందులో మాట ఉన్నచోట గీత కొండలా లేస్తుంది, మౌనం ఉన్నచోట నేలలా పడుకుంటుంది. అత్త మాటలు కొండలు కొండలుగా ఉన్నాయి. రెండు కొండల నడుమ కాస్త నేల, ఆ నేల మీద ఒక చిన్న పుట్ట ఉండాలి. ఆ పుట్ట నేను. కథ పొడుగునా ఊఁ అన్నది నేను. ఫైలు మొదటి నుంచి చివరి దాకా వెతికాను. ఒక కొండ అంచును ఒరుసుకుని ఇంకో కొండ. నేలా లేదు, నేనూ లేను.

స్టూడియోకు వెళ్లాను. స్నేహితుడు తెర మీద పెళ్లికూతురి ముఖం చుట్టూ గులాబీలు తిప్పుతూ ఉన్నాడు.

"అన్నా, మా అత్త కథలో మోత కాకుండా ఇంకేమైనా తీసేశారా?"

ఆయన గులాబీలను ఆపి నవ్వాడు. "కనిపెట్టినావా? ఎంత పనో తెలుసునా అది. అవ్వ మాట ముగించే చోటంతా ఎవురో ఆడమనిషి ఊఁ, ఊఁ అని మూలగతా ఉండాది. ఒంట్లో బాగాలేదేమో పావం, మైకు పక్కన కూర్చోని ఉండాది అనుకున్నా. ఒక్కటి విడవలేదమ్మా. అంతా కత్తిరించి అతికించేసినా."

"అది నేనే అన్నా."

"అట్టనా." ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇప్పుడెట్ట ఉండాది ఒంట్లో?"

బాగుందని చెప్పాను. మొదటి రికార్డింగు ఉందా అని అడిగితే, ముహూర్తాల రోజులు, డిస్కులో చోటు లేదు, తీసేశాను, నువ్విచ్చిన సీడీ కూడా ఎక్కడో పోయిందన్నాడు. మా ఇంట్లో ఉన్నదాని మీద ఆయనిచ్చిందే అదే పేరుతో కూర్చుని ఉంది. జవాబు రాసిన ఆ మనిషికి క్షమించమని రాద్దామనుకుని రాయలేదు.

మరమ్మతు తేలికే. కత్తిరించిన ఫైలును వింటూ పొజిషన్లన్నీ కొత్తగా రాసుకుంటే చాలు. అదే రోజు రాశాను. గాడిద అంటే గాడిద, కాకి అంటే కాకి. పాపకు చూపించే ముందు అత్తను లేపి, చివరి దాకా చూడమన్నాను. ఆమె ఇంతవరకూ తన కథను మేలుకుని వినలేదు.

అత్త మేక దగ్గరే చెయ్యెత్తింది.

"ఆపు దీన్ని. ఎవురు చెప్తా ఉండారు?"

"నువ్వే అత్తా."

"నేనెప్పుడు ఇట్ట చెప్పినా? ఊపిరి తీసుకోకుండా, బస్టాండులో బస్సు పేర్లు చదివినట్ట. కోడి నడస్తా ఉండాదా, దాన్ని కుక్క తరమతా ఉండాదా? ఆఫీసులో ఇట్ట చెప్పుంటే చట్రం తీసి నా మీద ఏసుంటారు."

స్టూడియోలో ఊఁ తీసేసిన సంగతి చెప్పాను.

"ఊఁ తీసేస్తే కతలో ఏముండాది?" అన్నది అత్త. అవమానం జరిగినట్టే ముఖం పెట్టింది. "పెట్టు ఆ మైకు. మళ్లా చెప్తా."

ఈసారి నేను ముందే ఒక ఏర్పాటు చేశాను. ఫ్యాను ఆపేశాను. నేను నోరు తెరవను, తల మాత్రం ఊపుతాను, అత్త కాస్త ఆగి ముందుకు పోవాలి. అప్పుడు సందు సందుగానే ఉంటుంది, ఎవరూ శుభ్రం చేయనక్కరలేదు, పొజిషన్లు కదలవు.

"తల ఊపితే నాకెట్ట తెలుస్తాది? నేను కండ్లు మూసుకోని కదా చెప్పేది."

"తెరిచి చెప్పు అత్తా."

"తెరిస్తే కోడి కనబడదు."

కాస్త ఆగి, తనే ముందుకు పోతానని చివరకు ఒప్పుకుంది. పాప బల్ల కింద కూర్చుని కంప్యూటరు గుడ్డను తల మీద కప్పుకుని ఆడుకుంటోంది. చప్పుడు చేయడం లేదు గనక కదిలించలేదు. చప్పుడు చేయని పిల్ల అని మేము ఆమెను లెక్కలోంచి తీసేసి చాలా కాలమైంది.

రికార్డింగు మొదలుపెట్టాను. అత్త కళ్లు మూసుకుంది, వేళ్లు కదిలాయి.

"ఎట్టయాపురంలో ఒక కోడి ఉండాదంట."

ఆగింది. నేను తల ఊపాను. అత్త ముందుకు పోలేదు. ఒప్పుకున్నది గుర్తు లేదో, నోరు రాలేదో. తెర మీద గీత నేలగా సాగుతోంది. నేను ఇంకొంచెం గట్టిగా ఊపాను. మూసిన కళ్ల ముందు ఎంత ఊపితే ఏం లాభం. చెయ్యి పెట్టి తడదామంటే మైకు మధ్యలో ఉంది. వేళ్లు కూడా ఆగిపోయాయి. షెడ్డులో ఎవరో కునుకు తీస్తున్నారు.

"ఊఁ."

"దానికి కూరలో ఉప్పు చాల్లేదంట," అన్నది అత్త.

ఆ ఊఁ పొరపాటున నేనే అన్నానేమో అనుకున్నాను. నా నోరు మూసే ఉంది, పైగా చేత్తో పట్టుకుని ఉన్నాను. అత్త రెండో మాట ముగించి ఆగింది.

"ఊఁ."

బల్ల కిందనుంచి. గుడ్డ లోపలనుంచి. అత్త ఒక కన్ను తెరిచింది, నన్ను చూసింది, బల్ల కిందికి చూసింది, ఆ కన్ను మూసుకుంది. కథ ఆపలేదు. ఊఁ అనేవాళ్లు ఉండగా చెప్పేవాళ్లు ఆపడం ఆ ఆఫీసులో లేదు. గొంతు కూడా మారలేదు. వేళ్లు మాత్రం కొంచెం వేగంగా పుల్లలు గుచ్చాయి. నేను వంగి గుడ్డ ఎత్తి చూడాలని, చూస్తే ఆగిపోతుందని, రెండూ ఒకేసారి అనుకుంటూ ఉన్నచోటే కూర్చున్నాను. తెర మీద కొండ, నేల, చిన్న పుట్ట. కొండ, నేల, చిన్న పుట్ట.

మేక పోయింది, గాడిద పోయింది, కాకి పోయింది. కోడి ఉప్పుకొండ చేరింది. అక్కడ అయిపోవాలి. ఊఁ వచ్చింది గనక అత్త అయిపోనివ్వలేదు. ఉప్పు మూట కట్టుకున్న కోడి ఇంటికి రాకుండా కారియాపట్టి సంతకు పోయింది. అక్కడ ఎద్దుతో బేరం. ఊఁ. అక్కడినుంచి విరుదునగర్ పోయి మా అమ్మగారింట్లో మంచినీళ్లు తాగింది. ఊఁ. నా దగ్గర ఈ ఊళ్లకు బొమ్మలు లేవు. మా అమ్మ బొమ్మ అసలే లేదు.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు మొదలుపెట్టింది. ఫైలు దాచుకునేంత సమయమే ఉంది, దాచాను. తెర నల్లబడింది. రికార్డింగు ఆగిందని అత్తకు చెప్పలేదు. ఆమె కళ్లు మూసుకుని చెబుతూనే ఉంది, బల్ల కింద ఊఁ వస్తూనే ఉంది. కోడి చాలా ఊళ్లు తిరిగింది. అవి ఏ ఫైల్లోనూ లేవు.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. నమ్మించడానికి ఫైలు వినిపించాను. మొత్తం విని, "ఊఁ," అన్నారు.

ఊఁ అంటే మాటేనా అని ఆ వారమంతా నాకు అనుమానం. అర్థం ఉంటే మాట. అర్థం ఉంది. అయినా విరుదునగర్ డాక్టరు ఒప్పుకుంటారో లేదో. వేసవి అయ్యాక వెళ్లినప్పుడు జరిగిందంతా వరసగా చెప్పాను. పొజిషన్ల సంగతి కూడా చెప్పాను, అది ఆయనకు అక్కరలేదు. సరైన చోట ఊఁ అంటోందా, మాట మధ్యలో అంటోందా అని ఒక్కటే అడిగారు. సరైన చోటే అన్నాను. అది నేను గీతలో చూశాను. మదురై ఇప్పుడు అక్కరలేదు, కథలు ఆపకండి అన్నారు.

కొత్త ఫైలుకు పొజిషన్లన్నీ మళ్లీ రాశాను. ఫైలు పొడవు ముందు రాసుకుని, తర్వాత మిగతావి. స్టూడియో స్నేహితుడు మా ఆయనతో, కావాలంటే ఇది కూడా శుభ్రం చేసి ఇస్తానన్నాడట. చివర్లో యూపీఎస్ కూత ఉంది కదా అని. వద్దని చెప్పించాను.

పాప రోజూ చూసింది. గాడిద అంటే గాడిద వచ్చింది, కాకి అంటే కాకి వచ్చింది, ప్రతి మాటకూ ఊఁ అన్నది. పాతది చెరిగిపోయి ఉంటుందనుకున్నాను.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు గుమ్మంలో కూర్చుని పాపకు తల దువ్వుతున్నాను. చాకలి గాడిద మూటలతో వచ్చి గోడ పక్కన ఆగింది. పాప దాన్ని చూసింది. వేలు ఎత్తలేదు.

"కాకి," అన్నది.

స్పష్టంగా, అత్త అన్నట్టే అన్నది. ఎదురింటావిడ అరుగు మీదనుంచి వంగింది.

"అది గాడిద కదామ్మా. సరిగ్గా చెప్పియ్యి బిడ్డకు."

నేను దువ్వెన పట్టుకుని గాడిద వైపు చూశాను.

"ఊఁ," అన్నాను పాపతో. "కాకి. తర్వాత?"